గండభేరుండం జెండా దేశంలో మేడ్చల్ పిల్లలు

అల్బేనియా అనే పేరు మన ఇళ్ళల్లో వినబడేది బహు తక్కువ. పటంలో చూడదలచుకుంటే ఇటలీ బూటు మడమకు ఎదురుగా, సముద్రానికి ఆవలి ఒడ్డున, గ్రీసు దేశానికి పైన వేలు పెట్టాలి. వైశాల్యం 28,748 చదరపు కిలోమీటర్లు. అంటే మన తెలంగాణలో సుమారు పావు వంతు. జనాభా 2023 లెక్కల ప్రకారం 24 లక్షలు. మా మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ప్రాంతంలో 2011 నాటికే దాదాపు అంతమంది ఉన్నారు! "మేడం, మన జిల్లా అంత జనం, మన రాష్ట్రంలో నాలుగో వంతు నేల. ఎంత హాయిగా ఉంటారో!" అని పిల్లలు బయలుదేరకముందే మురిసిపోయారు. హాయి సంగతి ఆనక చెబుతాను.

2024 దసరా రోజుల్లో మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలు పన్నెండుమంది, అధ్యాపకులం ఇద్దరం కలిసి ఆ దేశంలో తొమ్మిది రోజులు తిరిగి వచ్చాము. "లండన్, పారిస్ ఉండగా అదేం ఊరండీ?" అని అడగనివారు లేరు. మొదటి ప్రపంచ యుద్ధం పాఠంలో బాల్కన్ అనే మాట అడుగడుగునా వస్తుంది. ఆ బాల్కన్ ఎలా ఉంటుందో కళ్ళారా చూడాలని పిల్లల కోరిక. పశ్చిమ యూరప్‌తో పోలిస్తే ఖర్చు కూడా తక్కువ.

మగపిల్లల తల్లిదండ్రులు ఒక్క మాటలో ఒప్పుకున్నారు. ఆడపిల్లల ఇళ్ళల్లో మాత్రం చర్చలు జరిగాయి. శామీర్‌పేటలో కిరాణా దుకాణం నడిపే ఒక కుటుంబంలో తండ్రి సరేనన్నా, తల్లి వారం రోజులు ఊగిసలాడింది. చివరికి మా ఇంటికి వచ్చి, "పంపుడైతే పంపుతున్నం మేడం. కాని పైలం. మా బిడ్డ ఇంతవరకు వాళ్ళ చిన్నమ్మ ఇంట్ల గూడ ఒక్క రాత్రి ఒంటరిగ ఉండలే" అన్నది. రోజూ మన వేళకు రాత్రి తొమ్మిదింటికి ఫోను చెయ్యాలని షరతు. ఆ పిల్ల తొమ్మిది రోజులూ ఆ షరతు తప్పలేదు.

జెండా మీద మన పక్షి

షంషాబాదు నుంచి ఇస్తాంబుల్ మీదుగా రాజధాని టిరానాకు చేరాము. విమానాశ్రయం బయట ఎర్రటి జెండా రెపరెపలాడుతున్నది. దాని మీద నల్లని పక్షి, ఒక్క మెడ కాదు, రెండు తలలు! "అరె, గండభేరుండం!" అని అరిచారు పిల్లలు. విజయనగరపు అచ్యుతరాయల బంగారు నాణేల మీద ఉన్న గండభేరుండానికి, ఈ పక్షికి చుట్టరికం ఏమీ లేకపోవచ్చు. ఇది రెండు తలల డేగ. తమ దేశాన్ని వారు 'ష్కిపరియా' అంటారు. డేగల నాడు అని దానికి అర్థం చెప్పుకుంటారు. అయినా పరాయి గడ్డ మీద దిగగానే మన కథల్లోని పక్షి కనబడితే మనస్సుకు కొంత ధైర్యం కలుగుతుంది.

మాకు దారి చూపడానికి టిరానా విశ్వవిద్యాలయంలో చదివే ఒక అమ్మాయి వచ్చింది. ఇంగ్లీషు చక్కగా మాట్లాడుతుంది.

టిరానాలో ఇళ్ళ గోడలకు పసుపు, నారింజ, నీలం రంగులు పట్టెలు పట్టెలుగా వేసి ఉన్నాయి. 2000 సంవత్సరంలో నగరాధ్యక్షుడైన ఎడి రామా స్వయంగా చిత్రకారుడు. బూడిద రంగు ఊరికి రంగులు పూయించింది ఆయనే. ఆయన 2013లో దేశానికి ప్రధాని అయ్యారు.

ఆ బూడిద రంగు ఎక్కడిదో తెలియాలంటే ఊరి బయటకు వెళ్ళాలి. పొలం గట్ల మీద, కొండ వాలులో, సముద్రపు టొడ్డున, ఎక్కడ చూసినా కాంక్రీటు పుట్టగొడుగులు! అవి యుద్ధం కోసం కట్టిన తలదాచుకునే గూళ్ళు. ఎన్వర్ హోజా అనే నాయకుడు రెండో ప్రపంచ యుద్ధం చివరినుంచి 1985లో చనిపోయేదాకా ఆ దేశాన్ని ఏలాడు. 1948లో యుగోస్లావియాతో, 1961లో రష్యాతో, 1978లో చైనాతో తెగతెంపులు చేసుకున్నాడు. ఎవరో ఒకరు దండెత్తి వస్తారని లక్షా డెబ్బైవేలకు పైగా ఈ గూళ్ళు కట్టించాడు. ఎవరూ దండెత్తలేదు. 1967లో మసీదులు, చర్చీలు అన్నీ మూయించాడు. సొంత కారు కొనుక్కునే హక్కు జనానికి 1991 దాకా లేదు. అనుమతి లేకుండా సరిహద్దు దాటబోయినవాడు ప్రాణాల మీద ఆశ వదులుకోవలసిందే. ఇప్పుడు ఆ గూళ్ళలో కొన్నింట కోళ్ళు పడుకుంటున్నాయి. టిరానాలో ఒక పెద్ద సొరంగాన్ని 2014లో ప్రదర్శనశాలగా మార్చారు.

జేబులో బక్షీసు

మూడో రోజు క్రూయా అనే కొండ ఊరికి వెళ్ళాము. స్కెందర్‌బెగ్ అనే వీరుడు 1443లో తుర్కీ సుల్తానుల మీద తిరగబడి, 1468లో మరణించేదాకా ఈ కోట నుంచే పోరాడాడు. అతడు పోయిన పదేళ్ళకు కోట తుర్కుల వశమైంది. అటు తరువాత 1912లో స్వాతంత్ర్యం ప్రకటించుకునేదాకా వారి ఏలుబడే.

కోట కింద పాత బజారు ఉన్నది. కొయ్య చూరుల దుకాణాలు, రాగి బిందెలు, కంబళ్ళు. మా శామీర్‌పేట అమ్మాయి కిరాణా కొట్టులో పుట్టి పెరిగిన పిల్ల కదా, బేరానికి దిగింది. రెండు నిముషాల్లో నా దగ్గరకు పరుగెత్తుకు వచ్చింది. "మేడం, వీళ్ళు మన మాటలే మాట్లాడుతున్నరు!"

నిజమే. బజారును వారు 'పజార్' అంటారు. దుకాణం 'ద్యుక్యాన్'. జేబు 'జెప్'. సబ్బు 'సాపున్'. చాయ్ చాయే. హల్వా 'హల్వ'. రాగి గిన్నెకు లోపల వేసే కళాయిని 'కలాయ్' అంటారు. దుకాణంవాడికి నాలుగు డబ్బులు ఎక్కువ ఇస్తే అది 'బక్షిష్'. చక్కెరను 'షెక్యెర్' అంటారు. ఈ చివరి మాట ప్రయాణం మరీ చిత్రం. మన సంస్కృతపు శర్కర పారసీకంలో శకర్ అయి, తుర్కీ చేరి, అక్కడి నుంచి ఈ కొండ మీదికి ఎక్కింది.

పారసీకపు, అరబ్బీ మాటలు గోలకొండ, హైదరాబాదు దర్బారుల ద్వారా మనకు వస్తే, ఇస్తాంబుల్ దర్బారు ద్వారా వారికి వెళ్ళాయి. ఆ రెండు దర్బారులూ వియ్యమందాయి కూడాను. 1931లో చివరి ఖలీఫా కుమార్తె దుర్రుషెహ్వార్, ఆ వంశపు ఆడపడుచే అయిన నీలోఫర్ మన నిజాం కొడుకులిద్దరినీ వివాహమాడి హైదరాబాదు కోడళ్ళుగా వచ్చారు. నీలోఫర్ దవాఖాన పేరు తెలియని తల్లి మా వైపు ఉండదు. ఆ పేరు వెనుక ఇంత దూరపు చుట్టరికం ఉందని పిల్లలకు క్రూయా బజారులో తెలిసింది.

బేరం మాత్రం చిక్కుల్లో పడింది. ఒక చిన్న రాగి గిన్నెకు దుకాణదారు ఐదువేలు అన్నాడు. ఆ దేశపు నాణెం పేరు లెక్. మేము వెళ్ళిన నాటికి ఒక లెక్ మన రూపాయికి కాస్త తక్కువ. ఐదువేలు పెట్టి గిన్నె కొనడమా! అమ్మాయి ముఖం చిన్నబోయింది. మా దారి చూపే పిల్ల నవ్వి అసలు సంగతి చెప్పింది. 1965లో ప్రభుత్వం పది పాత లెక్కులను ఒక కొత్త లెక్ చేసింది. అయినా జనం నోటికి పాత లెక్కే అలవాటు. చెప్పేటప్పుడు ఒక సున్న ఎక్కువ చెబుతారు, తీసుకునేటప్పుడు సరిగ్గానే తీసుకుంటారు. ఐదువేలంటే ఐదువందలే. "లెక్ దేశంలో లెక్క తెలియక మోసపోయేదాన్ని" అంటూ అమ్మాయి గిన్నె కొనుక్కుని, మూడు రోజుల దాకా అందరికీ చూపింది.

"పో! పో!"

అయిదో రోజుకు బెరాత్ చేరాము. ఓసుమ్ నది ఒడ్డున కొండ మీదికి మెట్లు మెట్లుగా తెల్లని ఇళ్ళు. ఇంటింటికీ వరుసగా కిటికీలు. అందుకే దాన్ని వేయి కిటికీల ఊరు అంటారు. 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. కొండ కొమ్మున కోట. మన గోలకొండ కోటలో సాయంత్రానికి మనుషులు ఖాళీ అవుతారు. ఈ కోటలో ఇంకా కాపురాలున్నాయి, వంటింటి పొగలున్నాయి.

కోట సందుల్లో నడుస్తుండగా ఒక ఇంటి తలుపు తెరిచి ఉన్నది. లోపల ముంగిలి నిండా ద్రాక్ష పందిరి, గుత్తులు వేళ్ళాడుతున్నాయి. నల్లబట్టలు కట్టుకున్న ఒక ముసలమ్మ గడపలో కూర్చుని ఉన్నది. మా దారి చూపే అమ్మాయి వెనుక ఎక్కడో ఆగిపోయింది. లోపలికి రావచ్చునా అని నేను చేత్తో సైగ చేశాను. ముసలమ్మ తల అడ్డంగా ఊపుతూ, "పో! పో!" అన్నది.

ఇంత స్పష్టంగా తెలుగులో పొమ్మన్న తరువాత ఇంకేమున్నది? పిల్లలు గిరుక్కున తిరిగారు. ముసలమ్మ లేచి పరుగున వచ్చి శామీర్‌పేట అమ్మాయి చెయ్యి పట్టుకున్నది. మళ్ళీ తల అడ్డంగా ఊపడం, మళ్ళీ "పో, పో!" అనడం, చెయ్యి పట్టి లోపలికి లాగడం! ఇంతలో మా దుబాసీ వచ్చి కడుపు పట్టుకుని నవ్వింది. ఆ భాషలో 'పో' అంటే ఔనని. పైగా పాతకాలం వారు ఔననడానికి తల అడ్డంగా ఊపుతారు, కాదనడానికి నిలువుగా ఆడిస్తారు. ముసలమ్మ నోటితోనూ తలతోనూ రండి రండి అంటూంటే, మేము రెండు విధాలా పొమ్మన్నదనుకుని పారిపోబోయాము!

అందరినీ పందిరి కింద కూర్చోబెట్టారు. తలా ఒక చిన్న పళ్ళెంలో పాకంలో ఊరిన అంజూరపు పండు, గ్లాసుతో చన్నీళ్ళు, కాఫీ. ముసలాయన లోపలి నుంచి ద్రాక్షతో కాచిన రాకీ సారా సీసా తెచ్చాడు. పిల్లలకు పోయవద్దని మా దుబాసీ ముందే చెప్పింది. మాతో వచ్చిన మాస్టారు పాపం మర్యాదగా వద్దని తల అడ్డంగా ఊపారు. ముసలాయన సంతోషించి గ్లాసు నింపాడు. మాస్టారు మరింత గట్టిగా ఊపారు. పక్కనే ఇంకొక గ్లాసు నిండింది. ఆ గ్లాసులు ఎలా ఖాళీ అయ్యాయో నేను చూడలేదు, పాఠకులు కూడా అడగవద్దు.

మైలుతుత్తం మరక

మాలో మేడ్చల్ అబ్బాయి ఒకడున్నాడు. అంతవరకు ఎక్కడికి వెళ్ళినా ఫొటోలు తీసుకోవడం తప్ప నోరు విప్పనివాడు. పందిరి కిందికి రాగానే వాడి ధోరణి మారిపోయింది. తీగ మొదలు చూశాడు, కణుపులు లెక్కపెట్టాడు. గోడ మీద నీలి మరక కనబడగానే, "మైలుతుత్తం!" అన్నాడు. ద్రాక్షకు తెగులు రాకుండా మైలుతుత్తం, సున్నం కలిపి కొడతారు. ఆ నీలి చుక్కలు గోడలకు అంటుకుని ఏళ్ళ తరబడి పోవు. మేడ్చల్ గోడ మీదయినా, బెరాత్ గోడ మీదయినా అదే రంగు.

ఒకప్పుడు మేడ్చల్, శామీర్‌పేట దారుల్లో రాతి కడీలు, ఇనుప తీగల పందిళ్ళు, వాటి నిండా అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష. లావుపాటి తెల్లని గుత్తులు. ఆ తోటల్లో ఒకటి ఈ అబ్బాయి తాతది, రెండెకరాలు. బావి ఎండింది, బోరులో నీళ్ళు లోతుకు పోయాయి, కూలీల ఖర్చు పెరిగింది, గింజలు లేని ద్రాక్ష వచ్చి పాత రకానికి గిరాకీ తగ్గింది. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక భూమి ధర ఆకాశానికి ఎక్కింది. తాత తోట ప్లాట్లయింది. ఆ డబ్బుతోనే ఇల్లు కట్టారు, మనవణ్ణి చదివిస్తున్నారు. తోట మాట మాత్రం తాత మళ్ళీ ఎత్తలేదట.

ముసలాయనకూ ఈ అబ్బాయికీ దుబాసీ ద్వారా మాటలు మొదలయ్యాయి. ఏడాదికి ఒక్కసారే, చలి వెనకపట్టు పట్టే రోజుల్లో తీగ కత్తిరిస్తానని ఆయన చెప్పాడు. మా దగ్గర రెండుసార్లు, వేసవిలో ఒకటి, అక్టోబరులో ఒకటి అని అబ్బాయి చెప్పాడు. ముసలాయన నమ్మలేదు. వారి దేశంలో చలికాలం ఆకులు రాల్చి తీగ మూడు నాలుగు నెలలు నిద్రపోతుంది. "మీ తీగ నిద్రే పోదా? పాపం!" అన్నాడు.

అబ్బాయి ఉండబట్టలేక జేబులోని ఫోను తీసి మేడ్చల్‌కు వీడియో కాల్ చేశాడు. అక్కడ పొద్దు గూకే వేళ. తాత ముఖం తెర మీదికి వచ్చింది.

"తాతా, ద్రాక్ష తోట చూడు."

"ఆకు గాదు బిడ్డా, మొదలు సూపియ్యి."

చూపించాడు. తాత చాలాసేపు చూశాడు. "నలబై ఏండ్లుంటది గని, అడుగు" అన్నాడు. అడిగితే నలభై మూడు! అంటే హోజా కాలంలో నాటిన తీగ. ఆ తరువాత ముసలివారిద్దరూ తెలుగులోనూ, అల్బేనియన్‌లోనూ ఒకేసారి మాట్లాడుకోసాగారు. దుబాసీ మధ్యలో చేతులెత్తేసింది. "బూడిద తెగులున్నది, గంధకం కొట్టుమను" అన్నాడు తాత. ఈయన ఔనని తల అడ్డంగా ఊపాడు. "వద్దంటడేందిర?" అని తాతకు కోపం వచ్చింది. అందరూ నవ్వారు. ఫోను పెట్టేసే ముందు తాత మెల్లగా, "ఇప్పుడు మన దిక్కు గూడ కత్తిరింపు రోజులే గద" అన్నాడు. ఇన్నేళ్ళకు తాత నోట తోట మాట వినడం అదే మొదటిసారి అని మనవడు నాతో చెప్పాడు.

గోడ మీద ఫొటోలు చూసి, మీ పిల్లలేరని అడిగాము. కొడుకులిద్దరూ ఇటలీలో, కూతురు గ్రీసులో. 1991 ఆగస్టులో వ్లోరా అనే ఓడ మీదికి ఇరవైవేలమంది ఎగబాకి ఇటలీకి బయలుదేరిన వార్త ప్రపంచమంతా చూసింది. వారిలో ఎక్కువమందిని తిప్పి పంపారు. అయినా ఆ దశాబ్దం మొదలు ఇప్పటికి పది లక్షలకు పైగా జనం దేశం విడిచి వెళ్ళారు. బయలుదేరకముందు పిల్లలు ఊహించుకున్న విశాలమైన హాయి వెనుక ఉన్నది ఇదే. ఊళ్ళకు ఊళ్ళలో తలుపులు వేసి ఉన్నాయి.

"మనవలు ఆగస్టులో వస్తారు. ద్రాక్ష సెప్టెంబరు దాటితే గాని పండదు" అన్నది ముసలమ్మ. అందుకే దారిన పోయేవారిని పిలుస్తుంది. ఆ రోజు మేము తిన్న పండ్లు ఎవరి పాలివో అప్పుడు తెలిసింది.

బస్సు ఎక్కాక మేడ్చల్ అబ్బాయి, "మేడం, అక్కడ తోటున్నది, తినే పిల్లలు లేరు. మా ఇంట్ల పిల్లలమున్నం, తోట లేదు" అన్నాడు. తక్కిన పిల్లలు కొంతసేపు పాటలు ఆపి కూర్చున్నారు. ఆ పన్నెండుమందిలో ఎనమండుగురు చదువు కాగానే అమెరికాకో, జర్మనీకో పోవాలనుకుంటున్నవారే.

ఇచ్చిన మాట

ముక్కూ ముఖం తెలియని వారిని ఇంట్లోకి లాగి కూర్చోబెట్టే ఈ మర్యాదకు ఆ దేశంలో ఒక పేరు ఉంది, 'బెసా'. ఇచ్చిన మాట, నమ్మి వచ్చినవాణ్ణి కాపాడే ధర్మం, రెండూ కలిసిన మాట అది. 1943లో జర్మన్ సైన్యం దేశాన్ని ఆక్రమించినప్పుడు, వేరే దేశాల నుంచి పారిపోయి వచ్చిన యూదులను కూడా అక్కడి రైతులు, ముస్లిములు, క్రైస్తవులు తమ ఇళ్ళల్లో దాచారు. యుద్ధం ముగిసేసరికి ఆ దేశంలో యూదుల సంఖ్య మునుపటి కన్న పెరిగింది. యూరప్‌లో అలా చెప్పుకోగల దేశాలు చాలా అరుదు. బెరాత్‌లో సాలొమన్ పేర ఒక చిన్న ప్రదర్శనశాల ఈ చరిత్రను చెబుతుంది. రెండు గదులకు మించదు గాని, మా పిల్లలు ఎక్కువసేపు గడిపింది అక్కడే.

భోజనం గురించి తల్లులు అడుగుతారు కనుక చెబుతున్నాను. శాకాహారులకు ఇబ్బంది లేదు. పాలకూరో జున్నో పెట్టి పొరలు పొరలుగా కాల్చే బ్యురెక్, గట్టి పెరుగు, చిక్కుడు గింజల కూర, ఉప్పులో ఊరవేసిన కూరగాయలు, మన పరమాన్నం వంటి పాయసం అన్నిచోట్లా దొరుకుతాయి. కారం మాత్రం ఇంటి నుంచి పట్టుకుపోవలసిందే. మేము తీసుకుపోయిన ఆవకాయ సీసా ఆరో రోజుకు ఖాళీ.

తిరుగు ప్రయాణం రాత్రివేళ. టిరానా విమానాశ్రయానికి మదర్ థెరిసా పేరు పెట్టారు. ఆమె 1910లో స్కోప్యేలో అల్బేనియన్ కుటుంబంలో పుట్టింది. 1928లో, పద్దెనిమిదేళ్ళ వయస్సులో ఇల్లు వదిలి, మరుసటి ఏడు మన దేశానికి వచ్చింది. తల్లి, అక్క తరువాత టిరానాలో స్థిరపడ్డారు. హోజా ప్రభుత్వం వారిని బయటకు పంపలేదు, ఈమెను లోపలికి రానివ్వలేదు. ఇల్లు వదిలిన నాడు చూసిందే చూపు. తల్లి 1972లో, అక్క మరుసటి ఏడు కన్నుమూశారు. మదర్ ఆ దేశంలో అడుగు పెట్టగలిగింది 1989లో.

ఈ కథ దుబాసీ చెబుతూండగా మా పక్క వరసలో ఒక కుర్రవాడు రెండు పెద్ద పెట్టెలతో నిలబడి ఉన్నాడు. వాడి తల్లి వాడి చొక్కా గుండీ సరిచేస్తూ ఉన్నది. సరిగా ఉన్న గుండీనే మళ్ళీ మళ్ళీ సరిచేస్తున్నది.

శామీర్‌పేట అమ్మాయి పక్కకు వెళ్ళి ఫోను తీసింది. అప్పటికి మన వేళ అర్ధరాత్రి దాటింది. ఆ రోజు ఫోను తొమ్మిదింటికే అయిపోయింది కూడాను. మొదటి గంట మోగుతుండగానే తల్లి ఎత్తిందట.

"ఏం లేదమ్మా, వస్తున్న" అన్నది అమ్మాయి.